డిప్ ఒక్కటే చాలదు: కొత్త కోరల్స్ క్వారంటైన్‌లో గుడ్ల లెక్క

ఉప్పునీటి అక్వేరియంలోకి కొత్త కోరల్ (పగడం) రాగానే చాలామంది చేసేది ఒకటే పని. కవర్‌ని కాసేపు నీళ్లలో తేలేసి, కోరల్‌ని పది నిమిషాలు డిప్‌లో, అంటే పురుగుల్ని రాల్చే మందు నీళ్లలో ముంచి, కడిగి, నేరుగా మెయిన్ ట్యాంక్‌లో పెట్టేస్తారు. డిప్ గిన్నె అడుగున రెండు మూడు పురుగులు రాలి కనిపిస్తే పీడ వదిలిందని ఊపిరి పీల్చుకుంటారు. అసలు జాగ్రత్త పడాల్సింది అక్కడే. ఎదిగిన పురుగు ఒక్కటి రాలినా, దాని గుడ్లు ఆ కోరల్ మీద ఎక్కడో అంటుకుని ఉన్నాయనే అనుకోవాలి. ఈ హాబీలో వాడే డిప్‌లు కదిలే పురుగుల్ని చంపుతాయి, లేదా మత్తెక్కించి రాలగొడతాయి. గుడ్డు పెంకు దాటి లోపలికి పోయే శక్తి వాటికి లేదు. కోరల్ బతకాలి, గుడ్డు చావాలి అంటే అంత ఘాటు మందు పెట్టడం కుదరదు.

అందుకే క్వారంటైన్‌ని, అంటే కొత్త కోరల్‌ని విడి ట్యాంక్‌లో ఉంచి గమనించే కాలాన్ని, మందు చుట్టూ కాకుండా గుడ్ల చుట్టూ ప్లాన్ చేసుకోవాలి. రెండు సూత్రాలు గుర్తుంటే చాలు. గుడ్డులోంచి బయటపడిన పిల్ల ఎదిగి మళ్లీ గుడ్లు పెట్టే లోపే తర్వాతి డిప్ పడాలి. డిప్‌లన్నీ కలిపి సాగే కాలం, అన్నిటికంటే ఆలస్యంగా పొదిగే గుడ్డు పట్టే కాలం కంటే ఎక్కువ ఉండాలి. మొదటిది తప్పితే ట్యాంక్‌లో కొత్త తరం మొదలవుతుంది. రెండోది తప్పితే చివరి డిప్ అయ్యాక, అంతా శుభ్రం అనుకున్న కోరల్ మీదే పిల్లలు పుడతాయి.

కొమ్మలుగా పెరిగే అక్రోపోరా కోరల్‌ని తినే ఫ్లాట్‌వర్మ్‌నే (బల్లపరుపు పురుగు) తీసుకోండి. దాని శాస్త్రీయ నామం ప్రోస్థియోస్టోమమ్ అక్రోపోరే. నీళ్లు 27 డిగ్రీల దగ్గర ఉంటే గుడ్లు రెండో వారం నుంచి పొదగడం మొదలై, వెనకబడినవి మూడో వారం దాకా సాగుతాయి. గుడ్డు నుంచి మళ్లీ గుడ్లు పెట్టే పురుగు దాకా సుమారు ఐదు వారాలు. నీళ్లు చల్లగా ఉంటే ఇదంతా ఇంకా ఆలస్యమవుతుంది. కాబట్టి క్వారంటైన్ ట్యాంక్‌ని 24 డిగ్రీల దగ్గర ఉంచి మూడు వారాల్లో ముగించేస్తే, వెనకబడిన గుడ్లు ఇంకా పొదగకుండానే కోరల్ బయటికి పోవచ్చు. 26 నుంచి 27 డిగ్రీల మధ్య స్థిరంగా ఉంచండి. పొదగాల్సినవి త్వరగా పొదిగితేనే మనకు చిక్కుతాయి.

ఆ లెక్కన 0, 7, 14, 21, 28, 35వ రోజుల్లో, అంటే ఆరు డిప్‌లు. ఆ తర్వాత కనీసం పది రోజులు మందు ముట్టకుండా గమనించాలి. మోంటిపోరా, జోవాంథిడ్స్ అనే కోరల్ రకాల్ని తినే న్యూడిబ్రాంక్‌ల (గుల్ల లేని సముద్రపు నత్తలు) చక్రం ఇంకా వేగం. గుడ్లు సుమారు వారంలోనే పొదుగుతాయి, పిల్లలు త్వరగా ఎదుగుతాయి. అవి కనిపించినా, వాటి అనుమానం ఉన్నా, డిప్‌ల మధ్య ఎడం నాలుగైదు రోజులకు తగ్గించండి. ఏ డిప్‌లోనైనా బతికున్న పురుగు ఒక్కటి రాలితే, ఆ రోజు మళ్లీ 0వ రోజు అవుతుంది. ఈ మాట వినగానే చాలామందికి నీరసం వస్తుంది. అయినా నాలుగు ఫ్రాగ్‌లు (చిన్న కోరల్ ముక్కలు) ఉన్న చిన్న తొట్టిలో ఇంకో ఆరు వారాలు ఓపిక పట్టడం, రాళ్లకు అతుక్కుపోయిన పెద్ద అక్రోపోరా కాలనీల్ని ఒక్కొక్కటిగా ఊడబీకి డిప్ చేయడం కంటే ఎన్నో రెట్లు నయం.

ట్యాంక్ సంగతి

పదీ పన్నెండు ఫ్రాగ్‌లకు 40 నుంచి 75 లీటర్ల ట్యాంక్ సరిపోతుంది. అడుగున ఇసుక వద్దు, రాళ్లు వద్దు. పురుగు గానీ గుడ్డు గానీ దాక్కునే చోటు ఎంత తక్కువుంటే అంత మంచిది. అడుగు అద్దం తెల్లగా లేదా ఖాళీగా ఉంటే రాలిపడ్డది వెంటనే కంటపడుతుంది. హీటర్, చిన్న వేవ్‌మేకర్, గోడకు తగిలించే ఫిల్టర్, అవసరానికి తగ్గట్టు వెలుగు తగ్గించి పెంచగలిగే లైటు, థర్మామీటర్. ఇంతే సరంజామా. ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకండి: చేపల జబ్బులకు రాగి మందు వాడిన ట్యాంక్‌ని, దాని స్పాంజిని, పైపుల్ని కోరల్స్‌కి వాడొద్దు. రాగి చాలా తక్కువ మోతాదులోనే కోరల్స్‌కీ ఇతర వెన్నెముక లేని జీవులకూ విషం.

బ్యాక్టీరియా లేని కొత్త ట్యాంక్‌లో కోరల్ పెడితే అమ్మోనియా లేస్తుంది. ఫ్రాగ్ అడుగున చచ్చిన స్పాంజి ముక్కో, కుళ్లుతున్న కణజాలమో ఉంటే ఇంకా త్వరగా లేస్తుంది. దీనికి ముందు నుంచే ఏర్పాటు ఉండాలి. మెయిన్ ట్యాంక్ సంప్‌లో (కింద ఉండే ఫిల్టర్ తొట్టి) ఒక స్పాంజి గానీ గుప్పెడు సిరామిక్ రింగులు గానీ ఎప్పుడూ ఉంచుకోండి. నాలుగైదు వారాలు అక్కడ నానినవి క్వారంటైన్ ఫిల్టర్‌లోకి వెళ్తే మొదటి రోజు నుంచే పని మొదలుపెడతాయి. వెళ్లినవి మాత్రం మళ్లీ సంప్‌కి తిరిగి రాకూడదు.

నీళ్ల విషయంలో కూడా అదే దారి. వారానికోసారి మెయిన్ ట్యాంక్ నుంచి తీసిన నీళ్లతోనే క్వారంటైన్‌లో 15 నుంచి 20 శాతం మార్చండి. ఆల్కలినిటీ, కాల్షియం, ఉప్పు శాతం అన్నీ రెండు ట్యాంకుల్లో ఒకేలా ఉంటాయి. చివర్లో కోరల్‌ని మార్చేటప్పుడు దానికి షాక్ తగలదు. లవణీయత 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో ఉప్పు), ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్) దగ్గర ఉంచుకుంటే చాలు. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి పడిపోనివ్వకండి. చేపలు లేని, మేత వేయని ట్యాంక్‌లో ఇదే ఎక్కువగా జరిగే పొరపాటు. ఆకలితో పాలిపోయిన కోరల్‌ని చూసి పురుగు పట్టిందని భ్రమపడి, మళ్లీ మళ్లీ డిప్ చేసి చంపేసుకుంటారు.

చిన్న ట్యాంక్‌లో ఆవిరయ్యే నీళ్లను తేలిగ్గా తీసుకోవద్దు. 40 లీటర్లలో ఒక్క లీటరు ఆవిరైతే 35 పీపీటీ దాదాపు 35.9 అవుతుంది. రోజుకో లీటరు చొప్పున మూడు రోజులు పట్టించుకోకపోతే 37 దాటుతుంది. ట్యాంక్ అద్దం మీద టేపు ముక్కతో గీత పెట్టి, రోజూ ఆ గీత దాకా ఆర్‌ఓ నీళ్లు (లవణాలు వడకట్టిన మంచినీళ్లు) పోయడం అన్నిటికంటే సులువైన పద్ధతి.

పట్టకారు, పిచికారీ, బకెట్, తువ్వాలు, అన్నీ క్వారంటైన్‌కి విడిగా ఉండాలి. రెండు ట్యాంకులకు మధ్య దూరం ఎంత ఉంటే అంత మంచిది. నీళ్లు చిమ్మితే, బుడగలు పేలితే తుంపరలతో పాటు చేపల పరాన్నజీవులు కూడా ప్రయాణిస్తాయి. రోజూ పని చేసేటప్పుడు ముందు మెయిన్ ట్యాంక్, తర్వాతే క్వారంటైన్. ఆ వరస తిరగబడకూడదు.

వచ్చిన రోజు

కవర్ విప్పకముందే మూడు గిన్నెలు సిద్ధంగా పెట్టుకోండి. మొదటిది డిప్, రెండోదీ మూడోదీ కడుగు నీళ్లు. మూడింటిలోనూ ట్యాంక్ నీళ్లే, అదే వేడి మీద. గిన్నెలు తెల్లవైతే మేలు. తెల్లటి అడుగు మీదే సగం మిల్లీమీటరు పురుగు కూడా మచ్చలా తెలుస్తుంది. పక్కనే పదిరెట్లు చూపే భూతద్దం, రబ్బరు బుడ్డి ఉన్న బాస్టర్ పిచికారీ, మెత్తటి టూత్‌బ్రష్, స్కాల్పెల్ బ్లేడు, బోన్ కట్టర్, సూపర్ గ్లూ జెల్, కొత్త ప్లగ్‌లు (ఫ్రాగ్‌ని అతికించే చిన్న దిమ్మలు). చేతులకు గ్లోవ్స్.

జోవాంథిడ్స్, వాటి దగ్గరి బంధువైన పాలిథోవా ఉంటే గ్లోవ్స్‌తో పాటు కళ్లద్దాలు కూడా తప్పనిసరి. వాటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. కోసేటప్పుడు చిమ్మే ద్రవం కంట్లోనో, వేలి మీది గాయంలోనో పడితే ఆసుపత్రి పాలవుతారు. పాలిథోవా ఉన్న రాయిని ఎప్పుడూ మరిగించకండి, వేడినీళ్లతో రుద్దకండి. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ జబ్బుపడ్డ సంఘటనలు నిజంగా జరిగాయి.

వేడి సర్దుకోవడానికి మూసిన కవర్‌ని పావుగంట తేలేస్తే చాలు. గంటల తరబడి చుక్క చుక్కగా నీళ్లు కలపాల్సిన పని లేదు. ప్రయాణంలో కవర్ నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోతుంది. పీహెచ్ తక్కువున్నంతసేపు అమ్మోనియా అంతగా హాని చేయదు. కవర్ విప్పగానే పీహెచ్ లేచి, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. కవర్ విప్పాక ఆ నీళ్లలో కోరల్‌ని ఎక్కువసేపు ఉంచొద్దు. కవర్ నీళ్లు ఒక్క చుక్క కూడా ట్యాంక్‌లో పడకూడదు.

డిప్‌లో పెట్టేముందు కోరల్‌ని చేతిలో తిప్పి అన్ని వైపులా చూడండి. అడుగు, కొమ్మల సందులు, కణజాలం ఆగిపోయి తెల్లటి అస్థిపంజరం మొదలయ్యే గీత. గుడ్లు దొరికేది ఎక్కువగా ఆ గీత పక్కనే. ఫ్లాట్‌వర్మ్ గుడ్లు బతికున్న కణజాలం మీద ఉండవు. దాని కిందనున్న ఖాళీ అస్థిపంజరం మీద, ముదురు గోధుమ రంగులో, నువ్వు గింజ కంటే బాగా చిన్న చుక్కలు పక్కపక్కనే పేర్చినట్టు పలచగా పరుచుకుని ఉంటాయి. భూతద్దంలో ఒక్కొక్కటీ విడిగా, అంచు గుండ్రంగా తెలుస్తుంది. గోటితో గీకితే తేలిగ్గా రావు, రాయికి కరిచిపట్టుకుని ఉంటాయి. నాచు మరక అయితే గీకగానే జారిపోతుంది.

ఇప్పుడు డిప్. కోరల్‌ని ముంచి ఊరుకుంటే సగం పని కూడా కాదు. మందు నీళ్లు కదలాలి. గిన్నెలో చిన్న పవర్‌హెడ్ (నీళ్లు కదిపే పంపు) పెట్టండి, లేదా నిమిషానికోసారి బాస్టర్‌తో కొమ్మల సందుల్లోకి, అడుగుకి గట్టిగా కొట్టండి. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ రాలవు. తర్వాత ఒక్కసారిగా, అంతవరకూ కోరల్ రంగులోనే కలిసిపోయి కనబడని ఫ్లాట్‌వర్మ్ అంచు లేచి, ముడుచుకుంటూ, గాలికి కొట్టుకొచ్చిన పొట్టులా గిరగిరా తిరిగి అడుగున పడుతుంది. తిన్న కోరల్‌లోని శైవలాలే దాని ఒంట్లో చేరడంతో అంత బాగా రంగు కలిసిపోతుంది. ట్యాంక్‌లో ఉండగా ఎంత తేరిపార చూసినా దాన్ని పట్టుకోవడం కష్టం.

డిప్ అయ్యాక రెండు గిన్నెల్లోనూ బాగా జాడించండి. ఆ తర్వాత చేసే పనే మొత్తం క్వారంటైన్‌లో అన్నిటికంటే విలువైంది: పాత ప్లగ్‌ని వదిలించుకోవడం. బోన్ కట్టర్‌తో కణజాలం ఆగిన గీతకు రెండు మూడు మిల్లీమీటర్లు పైన, బతికున్న భాగంలోనే కోసేయండి. చచ్చిన అడుగు భాగం, ప్లగ్, దాని మీది నాచు, సందుల్లోని బుల్లి నత్తలు, గొట్టాల పురుగులు, గుడ్లు, అన్నీ ఒకే కోతతో చెత్తబుట్టలోకి పోతాయి. అంత చక్కటి ఫ్రాగ్‌ని ఇంకా చిన్నది చేయడానికి మనసొప్పదు, నిజమే. కానీ రెండు మిల్లీమీటర్ల కొమ్మ కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది. కోసిన అంచుని టిష్యూతో అద్ది ఆరబెట్టి, జెల్ బఠాణీ గింజంత వేసి కొత్త ప్లగ్‌కి నొక్కి పట్టుకోండి. వెంటనే నీళ్లలో ముంచితే జెల్ పైపొర గట్టిపడుతుంది. బతికున్న అంచుకీ ప్లగ్‌కీ మధ్య ఖాళీ లేకుండా జెల్ నిండితే, తర్వాత ఏ పురుగైనా గుడ్లు పెట్టడానికి నీడ దొరకదు.

యూఫిలియా, అకాంథోఫిలియా లాంటి పెద్ద పాలిప్‌లు (కోరల్‌లోని ఒక్కో జీవి) ఉండే కోరల్స్‌ని ఇలా కోయలేం. వాటి అస్థిపంజరాన్ని బ్రష్‌తో రుద్ది, గుడ్లలాంటివి కనిపిస్తే బ్లేడుతో గీకి తీసి, మిగతా ఖాళీ అస్థిపంజరం మీద జెల్ పలచగా పూసి మూసేయొచ్చు. ముడుచుకున్నాకే చేతిలోకి తీసుకోండి. ఉబ్బి ఉన్నప్పుడు నీళ్లలోంచి లేపితే, ఒంట్లోని నీళ్ల బరువుకే కణజాలం అస్థిపంజరం అంచు మీద చిరిగిపోతుంది.

ప్రయాణంలో నలిగి, జిగురు కారుతూ, కణజాలం ఊడుతూ వచ్చిన కోరల్ అయితే అదే రోజు పూర్తి మోతాదు డిప్ పెట్టకండి. క్వారంటైన్‌లో తక్కువ వెలుగులో ఒకటి రెండు రోజులు తేరుకోనిచ్చి, ఆ తర్వాత మొదలుపెట్టండి. క్వారంటైన్ ట్యాంక్ ఉన్నందువల్ల దొరికే వెసులుబాటే ఇది. ట్యాంక్ లేనివాళ్లకు ఆ కోరల్‌ని అదే రోజు డిప్ చేసి చంపుకోవడమో, డిప్ లేకుండా మెయిన్‌లో పెట్టడమో, రెండే దారులు.

ఏ డిప్ దేనికి

అన్నిటికీ ఒకే మందు లేదు. మొక్కల నూనెల ఆధారంగా కోరల్స్ కోసమే తయారుచేసే డిప్‌లు ఫ్లాట్‌వర్మ్‌లు, న్యూడిబ్రాంక్‌లు, బ్రిసిల్ వర్మ్‌లు, చిన్న పీతలు, ఇలా చాలావాటి మీద పని చేస్తాయి. సీసా మీది మోతాదునే పాటించండి, టైమర్ పెట్టుకోండి. మొదటిసారి ఐదు నిమిషాలు, కోరల్ తట్టుకుంటే తర్వాతి డిప్‌లు సీసా చెప్పిన గరిష్ఠ సమయం దాకా. నూనె డిప్‌లని వాడేముందు సీసా గట్టిగా ఊపాలి. లేకపోతే సీసాలోంచి మొదట తీసిన మోతాదులో మందే ఉండదు, ఆఖరి మోతాదులో అంతా మందే ఉంటుంది.

అయోడిన్ డిప్ గాయాలకు, బ్యాక్టీరియాకు. 5 శాతం లూగోల్ ద్రావణం లీటరు నీళ్లకు 5 నుంచి 10 చుక్కలు, పది నిమిషాలు. నీళ్లు లేత టీ రంగులో ఉండాలి. మధ్యలోనే రంగు పోయి తెల్లబడితే అయోడిన్ ఖర్చైపోయిందని అర్థం. ఫ్లాట్‌వర్మ్‌ల మీద దీన్ని నమ్ముకోవద్దు. ఫ్రాగ్ కోసిన రోజు, కోసిన అంచు కోసం ఇది మంచి పని చేస్తుంది.

హైడ్రోజన్ పెరాక్సైడ్ నాచు కోసం. 3 శాతం ద్రావణం 100 మిల్లీలీటర్లకి 900 మిల్లీలీటర్ల ట్యాంక్ నీళ్లు కలిపి ఐదు నిమిషాలు. జోవాంథిడ్ ప్లగ్‌ల మీది వెంట్రుక నాచు, బ్రయాప్సిస్ రెండు మూడు రోజుల్లో తెల్లబడి రాలుతుంది. సీసా మీద 6 శాతం అని ఉంటే సగమే వాడాలి. ఈ ఒక్కటి చూసుకోకపోవడం వల్ల పోయిన కోరల్స్ చాలా. జీనియా లాంటి మెత్తటి కోరల్స్‌కి ఇది పడదు.

జోవాంథిడ్స్‌కి ఆర్‌ఓ మంచినీళ్ల డిప్ కూడా పనికొస్తుంది. వేడీ పీహెచ్ కలిసేలా చూసుకుని ఒకటి నుంచి మూడు నిమిషాలు. సాగర సాలీళ్లు, న్యూడిబ్రాంక్‌లు పట్టు వదిలి రాలిపోతాయి. అక్రోపోరా జోలికి మాత్రం మంచినీళ్లు తీసుకుపోవద్దు.

తోటల్లో కొట్టే ఇమిడాక్లోప్రిడ్, సైఫ్లూత్రిన్ లాంటి పురుగుమందుల్ని కూడా కొందరు డిప్‌గా వాడతారు. పురుగుల్ని బాగానే చంపుతాయి, అందులో సందేహం లేదు. అయినా వాటితో మొదలుపెట్టమని చెప్పలేం. ఒకే పేరు మీద అమ్మే సీసాల్లో కూడా మందూ దాని శాతమూ వేరువేరుగా ఉంటాయి, కాబట్టి ఎక్కడో చదివిన మోతాదు మన చేతిలోని సీసాకి వర్తించకపోవచ్చు. సరిగ్గా కడగకుండా ట్యాంక్‌లోకి వెళ్తే రొయ్యలు, పీతలు, వాటి వర్గానికే చెందిన బుల్లి కోపీపాడ్‌లు చచ్చిపోతాయి. వాడక తప్పదనుకుంటే గ్లోవ్స్ వేసుకుని, మూడుసార్లు వేరువేరు నీళ్లలో జాడించి, మిగిలిన ద్రావణాన్ని కాలువలోనో మట్టిలోనో పారబోయకుండా పురుగుమందు వ్యర్థంగానే చూడండి.

రెడ్ బగ్స్ కథ వేరు. టెగాస్టెస్ అక్రోపోరానస్ అనే ఈ జీవి నిజానికి కోపీపాడ్. సగం మిల్లీమీటరు ఉంటుంది, పసుపు ఒంటి మీద ఒక ఎర్రచుక్క. నున్నటి ఒళ్లున్న అక్రోపోరాల మీద ఎక్కువ. పాలిప్‌లు సరిగా విచ్చుకోకపోతే, రంగు మందగిస్తే భూతద్దం తీయండి. కుక్కలకు హార్ట్‌వర్మ్ రాకుండా ఇచ్చే మిల్బెమైసిన్ ఆక్సిమ్ దీనికి పని చేస్తుంది. క్వారంటైన్ ట్యాంక్ మొత్తానికే మందు వేసి, ఆరు గంటల తర్వాత నీళ్లు మార్చి, మిగిలిన మందుని పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ పెట్టాలి. ఇలా సుమారు వారం ఎడంతో మూడుసార్లు. మాత్రల బలం రకరకాలుగా ఉంటుంది, పైగా ఇది డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందు. మోతాదు పశువైద్యుణ్ని అడిగే తేల్చుకోండి. పీత, రొయ్య జాతుల్ని అన్నిటినీ ఇది చంపుతుంది. మెయిన్ ట్యాంక్‌లో ఈ వైద్యం ఎంత నష్టమో, ఖాళీ క్వారంటైన్‌లో అంత తేలిక.

డిప్‌కి చిక్కనివి

అయిప్టేసియా, మజానో అనే కలుపు ఎనిమోనీలు డిప్‌లో ముడుచుకుంటాయి, అంతే. గీకి తీస్తే వదిలిన ముక్కలోంచి మళ్లీ మొలుస్తాయి. ప్లగ్ మీద ఉంటే ప్లగ్‌తో పాటు పారేయండి, కోరల్ అస్థిపంజరం మీద ఉంటే ఆ భాగాన్ని కోసేయండి. వర్మెటిడ్ నత్తల సన్నటి గొట్టాల్ని పట్టకారుతో విరిచి, రంధ్రంలో జెల్ కూరేయాలి. విరిచి వదిలేస్తే లోపలి నత్త గొట్టాన్ని మళ్లీ కట్టుకుంటుంది. బబుల్ ఆల్గే బుడగల్ని పగలగొట్టకుండా, మొదలు దగ్గర గీకి, నీళ్ల బయటే తీయండి.

జోవాంథిడ్స్ మధ్య నలుపు తెలుపు గళ్ల అంచుతో, మెలితిరిగిన బొత్తాంలా ఒక అందమైన నత్త కనిపిస్తే అది సన్‌డయల్ నత్త. పగలు సందుల్లో ఉండి రాత్రి పాలిప్‌లని తింటుంది. డిప్‌లో తలుపు మూసుకుని హాయిగా కూర్చుంటుంది కాబట్టి పట్టకారుతో తీయాల్సిందే. జోవాంథిడ్ న్యూడిబ్రాంక్‌లు తాము తిన్న పాలిప్‌ల రంగే ఎక్కించుకుంటాయి. వరసగా రెండు మూడు రోజులు కొన్ని పాలిప్‌లు మాత్రమే మూసుకుని ఉంటే వాటి కాడల్ని, అడుగుని చూడండి. తెల్లటి మెలికల పట్టీలా ఉండేవి గుడ్లు. మోంటిపోరాలో అయితే ప్లేటు తిరగేసి చూడాలి. పైకి అంచు వెంట తెల్లటి పట్టీ కొద్దికొద్దిగా లోపలికి జరుగుతుంటే, కింద నాలుగైదు మిల్లీమీటర్ల తెల్లటి కుచ్చుల పురుగులు తింటున్నట్టే.

లైట్లు ఆర్పిన గంట తర్వాత ఎర్ర టార్చ్ వేసి చూడటం అలవాటు చేసుకోండి. ఎర్ర వెలుగుకి చాలా జీవులు బెదరవు. పగలంతా వెతికినా దొరకనిది ఆ ఐదు నిమిషాల్లో దొరుకుతుంది.

వారం వారం

డిప్ రోజు కోరల్స్‌ని మాత్రమే శుభ్రం చేసి, అదే పాత ర్యాక్ మీద మళ్లీ పెడితే ఏం లాభం? పురుగులు ర్యాక్ గళ్లలోకి, గ్లాసు మూలల్లోకి కూడా పాకుతాయి. అందుకే ఎగ్‌క్రేట్ (గళ్ల ప్లాస్టిక్) షీటుతో రెండు ర్యాక్‌లు చేసుకోవాలి. ఒకటి ట్యాంక్‌లో ఉన్న వారం, రెండోది వెనిగర్ నీళ్లలో నాని, మంచినీళ్లతో కడిగి, ఎండి ఉండాలి. డిప్ రోజు ర్యాక్ మార్చి, గ్లాసు నాలుగు వైపులా తుడిచి, అడుగున చేరినదంతా సైఫన్‌తో లాగి, అక్కడ తీసిన నీళ్లకు బదులు మెయిన్ ట్యాంక్ నీళ్లు పోయండి. నీళ్లు మార్చడం, డిప్, ర్యాక్ అన్నీ ఒకే గంటలో అయిపోతాయి.

వెలుగు మొదట తక్కువే. పార్ (కోరల్‌కి పనికొచ్చే వెలుగు కొలత) 50 నుంచి 80 దగ్గర మొదలుపెట్టి, అక్రోపోరాల్ని వారం వారం పెంచుకుంటూ 200 దాకా తీసుకెళ్లండి. డిప్ మర్నాడు వెలుగు పెంచొద్దు. వెంటవెంటనే రెండు దెబ్బలు తట్టుకోవడం ఫ్రాగ్‌కి కష్టం.

తేదీ, డిప్ పేరు, మోతాదు, నిమిషాలు, రాలినవి ఎన్ని, గుడ్లు ఎక్కడ కనిపించాయి, అన్నీ ట్యాంక్ పక్కనే ఒక పుస్తకంలో రాసుకోండి. ప్రతి ఫ్రాగ్‌నీ వారానికోసారి ఒకే కోణంలో, ఒకే లైటు కింద ఫోటో తీయండి. అక్రోపోరా మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి పాలిపోయిన మచ్చలు ఫ్లాట్‌వర్మ్ కాట్లు. అవి పెరుగుతున్నాయా, మానుతున్నాయా అన్నది జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పలేం. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే క్షణంలో తెలుస్తుంది.

మెయిన్ ట్యాంక్‌లో సిక్స్‌లైన్ రాస్ లాంటి చేప ఉంది కదా, అదే పురుగుల్ని తినేస్తుంది అనే ధీమా కొందరిది. తిరిగే పురుగుల్ని అది తింటుంది, సంఖ్యని అదుపులో ఉంచుతుంది. గుడ్లని ముట్టదు, కొమ్మల లోపలి సందుల్లోకి దూరలేదు. పైగా అదుపులో ఉండటం వల్ల పురుగుల జాడ నెలల తరబడి తెలియకుండా పోతుంది.

చేపల లెక్క వేరు

కోరల్‌కి చేపల జబ్బు రాదు, కానీ ప్లగ్ మీద, నత్త గుల్ల మీద చేపల తెల్లమచ్చల పరాన్నజీవి గూడు కట్టుకుని రావచ్చు. ఆ పరాన్నజీవి (క్రిప్టోకారియాన్) గూళ్లని డిప్ ఏమీ చేయలేదు. చేప దొరక్కపోతే అది పొదిగి, తిరిగి, చచ్చిపోతుంది. అందుకు హాబీలో ఎక్కువమంది పాటించే గడువు 76 రోజులు. మెయిన్ ట్యాంక్‌లో చేపలుంటే పురుగుల కోసం పెట్టుకున్న 45 రోజుల్ని 76 దాకా పొడిగించడం మంచిది. అంతకాలం క్వారంటైన్‌లో ఒక్క చేప కూడా ఉండకూడదు. మధ్యలో ఇంకో కోరల్ తెచ్చి అదే ట్యాంక్‌లో పెడితే, అన్నిటికీ ఆ రోజు నుంచే లెక్క మొదలు. అందుకే కొత్తవన్నీ ఒకే విడతలో తెచ్చుకోవాలి, లేదా రెండో తొట్టి ఉండాలి.

బయటికి తీసే రోజు

గడువు పూర్తయ్యాక, చివరి పది రోజుల్లో కొత్త మచ్చ గానీ గుడ్డు గానీ కనిపించకపోతే, ఆఖరిసారి భూతద్దంతో అడుగు చూసి, మళ్లీ ప్లగ్ మార్చండి. క్వారంటైన్‌లో ఆరు వారాలుగా ఉన్న ప్లగ్‌ని మెయిన్‌లోకి తీసుకెళ్లాల్సిన అవసరం లేదు. ఈసారి డిప్ అక్కర్లేదు, శుభ్రమైన నీళ్లలో జాడిస్తే చాలు. మెయిన్ ట్యాంక్‌లో మొదట అడుగు భాగంలో, పెద్ద కాలనీలకు దూరంగా, తేలిగ్గా చేతికందే చోట పెట్టి రెండు మూడు వారాలు రాయికి అతికించకుండా ఉంచండి. అవసరమైతే వెంటనే తీయగలగాలి.

అన్నీ బయటికొచ్చాక ఖాళీ ట్యాంక్‌లో వెనిగర్ కలిపిన నీళ్లు పోసి వేవ్‌మేకర్‌ని, హీటర్‌ని ఒక రోజంతా నడపండి. తర్వాత పారబోసి, మంచినీళ్లతో కడిగి, స్పాంజిని పారేసి, మిగతా సామాను పూర్తిగా ఎండనివ్వండి. ఆ రోజే సంప్‌లో ఇంకో కొత్త స్పాంజి వేసుకుంటే, వచ్చే విడత కోరల్స్ వచ్చేసరికి అది సిద్ధంగా ఉంటుంది.